ముప్పై ఏడో బండిలో ఎడమ సీటు

మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందని గోల మొదలైతే భూతవైద్యుడి కంటే ముందు నేను వెళ్ళేవాణ్ణి, వాదించడానికి. పూనకం వచ్చిందన్న ఒక అమ్మాయికి రక్తం తక్కువగా ఉందని పట్టుబట్టి పరీక్ష చేయించి, మాత్రలతో నయం చేయించాను కూడా. దెయ్యాలు లేవని ఇప్పటికీ అంటాను. అనేటప్పుడు ఇదివరకటి గొంతు మాత్రం రావడం లేదు. ఎందుకు రావడం లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా నాన్న స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో గోదావరి జిల్లా నుంచి కూలికి వచ్చి గాజువాకలో స్థిరపడ్డాడు. నా చదువు ఇంటర్‌తో ఆగింది. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. సైన్సు బీరువాలో పుస్తకాలు పైఅర నుంచి కిందఅర దాకా వరసగా చదివాను. నచ్చినవి నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నాను. అవి ఇప్పుడు పదిహేడయ్యాయి. నిద్ర గురించి, మెదడు గురించి, కంటిచూపు గురించి డిగ్రీ చదివినవాళ్ళు కూడా నన్ను అడిగేవారు. దాచుకోవడం దేనికి, అది నాకు గర్వంగానే ఉండేది.

ఆ చదువు చూసే మా కంపెనీ నన్ను యార్డు సూపర్‌వైజరు పని నుంచి భద్రతా విభాగానికి మార్చింది. మాది ట్రైలర్ల కంపెనీ. ప్లాంటు నుంచి పోర్టుకి బిల్లెట్లు, అంటే నలుపలకల ఉక్కు దుంగలు, తీసుకెళతాం. ట్రైలరు మీద ఎత్తే సరుకు చిన్నది కాదు. డ్రైవరు ఒక్క క్షణం కునికితే ముందున్న ఆటో, బైకు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. అందుకని బండ్లన్నిటికీ ఏఐ కెమెరాలు పెట్టారు.

అది అరచేయంత పెట్టె. స్టీరింగుకి ఎదురుగా, అద్దం మూలన బిగిస్తారు. డ్రైవరు రెప్పలు ఎంతసేపు మూసుకున్నాయి, నోరు ఎంత తెరిచాడు, తల ఎటు తిప్పాడు, ఫోను పట్టుకున్నాడా, సిగరెట్టు కాలుస్తున్నాడా అన్నీ చూస్తుంది. తేడా వస్తే కూతపెడుతుంది, సీటు వణికిస్తుంది. అదే సమయానికి ఆ కాస్త వీడియో మా గదిలో నా కంప్యూటరుకి వస్తుంది, పైన పేరుతో సహా. ఆవులింత. కునికిపాటు. దృష్టి మళ్ళింపు. నేను దాన్ని చూసి నిజమో కాదో నిర్ణయించాలి. రోజూ వందల ముఖాలు చూసేవాణ్ణి. ఎవరు పాట పాడుకుంటారో, ఎవరు ఒంటరిగా ఏడుస్తారో కూడా నాకు తెలుసు.

నూకరాజు సంగతి అలాగే తెలిసింది.

నూకరాజుది సముద్రం ఒడ్డున జాలరిపేట. యాభై దాటాయి. పడవ అన్నదమ్ముల కింద వదిలేసి కుర్రతనంలోనే స్టీరింగు పట్టుకున్నాడు. మా డ్రైవర్లందరిలో కెమెరా దగ్గర ఎప్పుడూ మంచి పేరు అతనిదే. ఆవులింత లేదు, కునికిపాటు లేదు, పొగ అసలే లేదు. కానీ ముక్కులోంచి సన్నగా ఏదో ఆవిరిలాంటిది వస్తున్నట్టు ఒక వీడియోలో కనిపించింది. పిలిచి అడిగాను.

అతను నోరు తెరిచి చూపించాడు. లోపల చుట్ట. వెలిగిన కొస లోపలికి, ఆరిన కొస బయటికి. అడ్డపొగ. మన తీరంలో ఆడవాళ్ళు ఎక్కువగా తాగుతారు, మీరు చూసే ఉంటారు. నిప్పు బయటికి కనపడదు కాబట్టి కెమెరాకి అది పొగతాగడం అని తెలియలేదు.

“మా అమ్మ నేర్పింది సార్. సముద్రంమీద గాలికి ఆరిపోదు కదా. మీ పెట్టికి మా అమ్మ తెలీదు కదేటి,” అని నవ్వాడు.

తప్పు కదా అన్నాను.

“ఇది నోట్లో ఉంటే నిద్దరెలా వత్తాది సార్? కునికితే నాలిక కాల్తాది. మీ పెట్టి కూత కంటే ఇదే నయం.”

నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. నోటుపుస్తకంలో రాసుకున్నాను. బండిలో వద్దని చెప్పి పంపేశాను. అతను మానలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

అసలు విషయం ముప్పై ఏడో బండిది. మా లెక్కలో ఆ సంవత్సరం కొన్న బండ్లలో అది ముప్పై ఏడోది. కొత్తది. సెకండ్ హ్యాండు కాదు, ఎవరి దగ్గరా తిరిగింది కాదు. తర్వాత నేను ఎంత విచారించినా ఆ బండిలో గానీ, ఆ బండి కింద గానీ ఎవరూ చనిపోయినట్టు తేలలేదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, చదివేవాళ్ళు మొట్టమొదట అదే అడుగుతారు.

ఆ బండి నుంచి ఒకే రకం అలెర్టు వచ్చేది. దృష్టి మళ్ళింపు, ఎడమ వైపు, ఐదారు సెకన్లు. శీలానగర్ నుంచి పోర్టుకి పోయే రోడ్డులో రెండో కల్వర్టు దాటాక. డ్రైవరు ఎవరైనా అంతే. అప్పారావు తోలినా, సన్యాసిరావు తోలినా, నూకరాజు తోలినా. మొహం ఎడమకి తిరిగేది. ఎడమ సీటు ఖాళీ.

ముగ్గుర్నీ కూర్చోబెట్టి అడిగాను.

“ఎడం పక్క ఏటుందని సూత్తాను బావా? అక్కడ నా పెళ్ళాం కూకుందా?” అన్నాడు అప్పారావు. అందరూ నవ్వారు.

సన్యాసిరావు కెమెరాకే కళ్ళజోడు పెట్టించమన్నాడు. నూకరాజు ఒక్కడే నవ్వలేదు. “నాను ఎటూ సూళ్ళేదు సార్” అని లేచి వెళ్ళిపోయాడు.

నేను దానికి మూడు కారణాలు రాశాను. అక్కడ ఎడమవైపు ఏదైనా కొత్త హోర్డింగు ఉండొచ్చు. ఉదయం ఎండ ఎడమ అద్దంలో పడి కళ్ళకి కొట్టొచ్చు. లేదా ఆ మలుపులో మెడ తిప్పడం అలవాటై, తిప్పినట్టు వాళ్ళకే తెలియకపోవచ్చు. మూడోదానికి నా పుస్తకాల్లోంచి ఒక పేజీ వివరణ కూడా జతచేశాను. మేనేజరు చదివి మెచ్చుకుని, ఒకసారి వెళ్ళి కళ్ళారా చూసి రమ్మన్నాడు.

అలా ఒక మంగళవారం ఉదయం నూకరాజుతో ముప్పై ఏడో బండి ఎక్కాను.

ఎక్కేముందు అతను ఒక మాటన్నాడు. “ఎనకాల పడుకునే బల్లమీద కూకోండి సార్. ఎడం పక్కొద్దు.”

ఎందుకన్నాను. అతను టైర్లు తట్టి చూసుకుంటున్నాడు. ఎడమ నుంచి ఏం కనపడుతుందో చూడ్డానికే వస్తున్నానని చెప్పి నేను ఎడమ సీట్లోనే కూర్చున్నాను. “మీ ఇట్టం” అని అతను చుట్ట వెలిగించి, కొస తిప్పి నోట్లో పెట్టుకున్నాడు.

పావు తక్కువ పదకొండు అయింది. ఎండ బాగా కాస్తోంది. నా పక్క అద్దం పూర్తిగా దించి ఉంది. శీలానగర్ దాటాం. మొదటి కల్వర్టు దాటాం. నోటుబుక్కులో రాసుకోవడానికి సీటు బెల్టు అడ్డమొస్తోందని తీసేశాను. భద్రతా విభాగం మనిషినై ఉండి ఆ పని చేశానని సిగ్గుపడుతూనే రాస్తున్నాను. హోర్డింగులు ఏమీ లేవు. ఎండ అద్దంలో పడడం లేదు. ఆ రెండూ కొట్టేశాను. పెన్ను కాగితం మీద ఉండగానే మొదటి దెబ్బ పడింది.

అది నేను చూడలేదు. ఎడమ దవడ మీద పడింది. ఇటుకతో కొట్టినట్టు. ఏం జరిగిందో అర్థమయ్యేలోపు నా జుట్టు పిడికిట్లో బిగుసుకుంది. మొహం ముందుకి పోయి డాష్‌బోర్డుకి గుద్దుకుంది. వెనక్కి వచ్చింది. మళ్ళీ. మూడోసారి పళ్ళు విరిగిన చప్పుడు చెవితో కాదు, ఎముకలోంచి వినపడింది. నోరంతా రక్తం. మెడ వెనక వేళ్ళు దిగాయి. వీపు మీద ఏదో పొడుగాటి ఇనుము పడింది, రెండుసార్లు.

“లెగు! లెగు ఆ సీట్లోంచి!”

నూకరాజు గొంతు. ఈ మాట పోలీసులకి ప్రమాణం చేసి రాసిచ్చాను, అప్పుడు అది అబద్ధం అనుకోలేదు. కళ్ళలో రక్తం కారుతుండగా తల తిప్పి చూస్తే అతని ఎడమచెయ్యి, నీలం చొక్కా చెయ్యి, నా కాలర్ పట్టుకుని ఉంది. అతని మొహం నావైపు ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

బ్రేకు పడింది. వెనక సరుకు మీద గొలుసులు ఘల్లుమన్నాయి. నేను తలుపు తోసుకుని కిందకి పడ్డాను. మెట్లు దిగలేదు, పడ్డాను. రోడ్డు వేడిగా ఉంది.

వెంటనే జనం మూగారు. ఒక షేరాటో ఆగింది, నాలుగైదు బైకులు ఆగాయి. ఎవరో నీళ్ళు పోశారు. ఎవరో “ఏటైంది, ఎవుడు కొట్టీసేడు?” అన్నారు. అప్పటికి నూకరాజు కూడా దిగి నా వైపు పరుగెత్తుకు వస్తున్నాడు. నేను వేలు చూపించాను.

“వాడే. నన్ను చంపబోయాడు.”

తర్వాత జరిగింది వివరంగా రాయక తప్పదు. ఎందుకంటే ఈ కథలో అనుమానం లేని దెబ్బలు అవే.

మొదట ఒకడు అతని గుండెల మీద తన్నాడు. పడ్డాడు. జుట్టు పట్టి లేపారు. ఒకాయన హెల్మెట్ తీసి దానితోనే కొట్టాడు. నూకరాజు చేతులు అడ్డం పెట్టుకుంటున్నాడు తప్ప తిరిగి కొట్టడం లేదు. నోరు మూసే ఉంది. మాట రావడం లేదు. ఒక కుడిచేతి గుద్దు సరిగ్గా నోటి మీద పడింది. నోట్లోంచి నిప్పురవ్వలు, పొగ, రక్తం కలిసి బయటికి చిమ్మాయి.

“నోట్లోంచి నిప్పులొత్తన్నాయిరోయ్!” అని ఎవరో కేకపెట్టారు.

జనం ఒక్క అడుగు వెనక్కి వేసి, రెట్టింపు కసితో మీద పడ్డారు. భయపడ్డ మనుషులు ఎలా కొడతారో ఆ రోజు చూశాను. అది చుట్ట అని అక్కడున్నవాళ్ళలో నా ఒక్కడికే తెలుసు. చెప్పలేదు. నా నోరు పగిలి ఉందని తర్వాత అందరితో అన్నాను. వేలు చూపించడానికి, చంపబోయాడని చెప్పడానికి సరిపోయిన నోరు దీనికి సరిపోలేదు.

ట్రైలరు పక్కన పెట్టెలో గొలుసులు బిగించే రాడ్డు ఉంటుంది. పెట్టె గొళ్ళెం ఊడగొట్టి ఎవరో దాన్ని తీశారు. “ఏ సెయ్యి? ఏ సేత్తో కొట్టేవురా?” అంటూ నూకరాజు కుడిచెయ్యి లాగి బండి మెట్టు మీద పెట్టారు. అతను అప్పుడు మాట్లాడాడు, కాలిన నాలికతో.

“నాను కొట్టనేదు బాబూ. నాను కొట్టనేదు. ఆయన్నే అడగండి.”

అందరూ నా వైపు చూశారు. నేను తల ఊపాను. వీడే అన్నట్టు.

రాడ్డు రెండుసార్లు దిగింది. ఆ చప్పుడు ఎలా ఉందో రాయను.

నన్ను ఒక ఆసుపత్రిలో, అతన్ని ఇంకో ఆసుపత్రిలో చేర్చారు. నాకు ఎడమ దవడ ఎముక చిట్లింది, మూడు పళ్ళు పోయాయి, కనుబొమ్మ మీద తొమ్మిది కుట్లు. అతనికి కుడిచేతి రెండు వేళ్ళు తీసేశారు. మణికట్టు వంకరగా అతుక్కుంది. నాలిక మీద పుండు చాలాకాలం మానలేదు. వీటికి తోడు హత్యాయత్నం కేసు. ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది.

మంచం మీదున్న నా దగ్గరికి పోలీసులు వచ్చారు. మాట్లాడలేను కాబట్టి రాసిచ్చాను. ఏం రాశానంటే, కొంతమంది నిద్రలోనే లేచి కొడతారు, కళ్ళు తెరిచే ఉంటాయి, లేచాక గుర్తుండదు, దీనికి వైద్యశాస్త్రంలో ఆధారముంది అని. నాలుగు పేజీలు. నూకరాజు మంచివాడే, కానీ ఆ క్షణాన నిద్రలో ఉన్నాడు, అతన్ని మళ్ళీ బండి ఎక్కించడం ప్రమాదం అని ముగించాను. ఎస్సై చదివి “మీరేం చదువుకున్నారండీ?” అని మర్యాదగా అడిగాడు. దవడకి కట్టు ఉన్నా నాకు లోపల సంతోషం వేసింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు కంపరమెత్తుతుంది.

బండిలో కెమెరా తీసిన వీడియో ఎవరూ చూడలేదా అని మీరు అడగొచ్చు. చూడాల్సిన మనిషిని నేనే. జనం ఫోన్లలో తీసిన వీడియోలు, నా గాయాలు, నా నాలుగు పేజీలు చాలనుకున్నారు.

మూడు వారాల తర్వాత డ్యూటీలో చేరాను. చేరిన రోజే ఆ క్లిప్పు తెరిచాను, రిపోర్టుకి జతచేద్దామని. శబ్దం ఉండదు, బొమ్మే. లెన్సు వెడల్పుగా పడుతుంది కాబట్టి ఎడమ సీటు చాలావరకు కనిపిస్తుంది.

నూకరాజు రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. చూపు రోడ్డు మీద. పెదాలు చుట్ట మీద బిగించి ఉన్నాయి. పక్కన నేను నోటుబుక్కులో రాస్తున్నాను.

నా తల కుడిపక్కకి విసురుగా ఒరిగింది. అంటే దెబ్బ ఎడమనుంచి. అక్కడ తలుపు, దించిన అద్దం, దాని అవతల పరుగెత్తే రోడ్డు. తర్వాత నా జుట్టు నడినెత్తిన ఒక గుప్పెడు పైకి లేచింది. గాలికి లేచినట్టు కాదు, ముడివేసి లాగినట్టు. నా రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. తల ముందుకి పోయి డాష్‌బోర్డుకి కొట్టుకుంది. ఒకటి. రెండు. నూకరాజు చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. మూడు.

అప్పుడు అతను మొహం తిప్పాడు. బ్రేకు తొక్కుతూ ఎడమచెయ్యి చాచి నా కాలర్ పట్టి వెనక్కి లాగాడు. మళ్ళీ ముందుకి పోకుండా ఆపుతున్నాడు. నేను చూసిన చెయ్యి అదే. అతని పెదాలు చుట్ట మీద నుంచి ఒక్కసారి కూడా విడలేదు. “లెగు” అని అరవాలంటే విడాలి. నిద్రపోయాడంటే నిప్పు నాలిక మీద పడాలి.

క్లిప్పు పైన కెమెరా పెట్టిన పేరు: దృష్టి మళ్ళింపు, ఐదు సెకన్లు. నన్ను కాపాడడానికి నావైపు చూసిన ఐదు సెకన్లు.

దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ తర్వాత పాత క్లిప్పులు కూడా తీశాను. అప్పారావుది, సన్యాసిరావుది, నూకరాజుది. అంతకుముందు పైన ఉన్న పేరు చదివి, తల తిరిగిందా లేదా చూసి, సరే అని నొక్కేవాణ్ణి. ఈసారి మనుషుల్ని చూశాను. ముగ్గురూ ఖాళీ సీటు వైపు తిరిగి, ఎడమ మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంటున్నారు. దెబ్బ కాచుకునే మనిషి పెట్టుకున్నట్టు.

నాకు మూర్ఛ వచ్చిందేమోనని డాక్టర్లని అడిగాను. తలకి స్కానింగు తీశారు, వైర్లు పెట్టి పరీక్ష చేశారు. ఏమీ లేదన్నారు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు. మూర్ఛలో తల కొట్టుకోవచ్చు, అది నేనూ చదివాను. జుట్టు ఎందుకు అలా లేస్తుందో ఏ పుస్తకంలోనూ లేదు. వీపు మీద రెండు పొడుగాటి కమిలిన చారలు ఉన్నాయని ఆసుపత్రి కాగితంలో రాసి ఉంది. రాడ్డు మాత్రం అప్పటికి పెట్టెలోనే ఉంది. జనం గొళ్ళెం ఊడగొట్టేదాకా ఆ పెట్టె ఎవరూ తెరవలేదు.

మేనేజరుకి చూపించాను. ఆయన రెండుసార్లు చూసి తలుపు వేశాడు.

“సూరిబాబూ, కెమెరా చెడిపోయిందని రాసెయ్. ఇప్పుడు మాట మారిస్తే ఆ చెయ్యి విరగ్గొట్టించింది నువ్వే అవుతావు.”

“విరగ్గొట్టించింది నేనే కదండీ” అన్నాను.

క్లిప్పు కాపీ చేసుకుని స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్సై ఈసారి మర్యాదగా మాట్లాడలేదు.

“అయితే నిన్నెవరు కొట్టారయ్యా?”

“తెలీదండి.”

“తెలీదని రాసుకోమంటావా?”

“రాసుకోండి.”

ఆయన అలా రాయలేదు. నాకే ఏదో జబ్బు చేసి తల కొట్టుకున్నట్టు, పొరపాటున డ్రైవర్ని అనుమానించినట్టు రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. పెట్టాను. నూకరాజు మీద కేసు తీసేయడానికి కొన్ని నెలలు పట్టింది. తీసేశారు. చెయ్యి మాత్రం తిరిగి రాలేదు. స్టీరింగు పట్టుకోలేడు, గేరు మార్చలేడు.

కాగితం చేతికొచ్చిన రోజు అది పట్టుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఒడ్డుకి దగ్గర్లో రేకుల ఇల్లు. వాళ్ళావిడ దానమ్మ ఇసకమీద చేపలు ఎండబెడుతోంది. నన్ను గుర్తుపట్టింది. చేతిలో ఉన్న చీపురు తిరగేసింది.

“మా మావ సెయ్యి ఇరగ్గొట్టించీసి పలకరించడానికొచ్చినావేటి? సదువుకున్నోడివి కదరా! రా, ఇలా రా!”

చీపురు కర్రతో భుజాల మీద, చెవి మీద, అతుక్కున్న దవడ మీద కొట్టింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చారు గానీ ఆపలేదు. నేనూ కదల్లేదు. కొడుతున్న చెయ్యి ఎవరిదో కంటికి కనపడుతోంది. చాలాకాలం తర్వాత నాకు అది ఒక్కటే తెరిపిగా అనిపించింది.

“ఆపీ, దానమ్మా. ఆపీ,” అని లోపల్నుంచి నూకరాజు వచ్చాడు. మాట కాస్త ముద్దగా ఉంది. నోట్లో చుట్ట లేదు.

కాగితం ఇచ్చాను. ఎడమచేత్తో తీసుకుని, చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. అరుగు మీద కూర్చోమన్నాడు. కూర్చున్నాను. క్షమించమని అడిగాను. దానమ్మ లోపలికి వెళ్ళి గిన్నెలు విసురుతోంది, ఆ చప్పుడు వినపడుతోంది.

ఉండబట్టలేక అడిగాను. నా తప్పు ఎంత పెద్దదో తెలిసి కూడా అడిగాను. ఆ సీట్లో కూర్చోవద్దని ముందే ఎందుకన్నావు, నావైపు తిరిగినప్పుడు నీకేం కనపడింది అని.

నూకరాజు నా మొహం చూశాడు. కుట్ల మచ్చ చూశాడు.

“నన్ను కొట్టినోళ్ళని నాను సూసేను సార్. మొహాలన్నీ గేపకమున్నాయి. మిమ్మల్ని కొట్టినోణ్ణి కూడా సూసేను.”

ఎవరు అన్నాను.

“సెప్తే ఏటి సేత్తారు? పుస్తకం తీత్తారు. దానికో పేరెడతారు. నిద్దరోతన్నాడని నాకెట్టీనేదా, అలాగ.”

అంతే. తర్వాత అతను లేచి, ఎండుతున్న చేపల మీదకి వచ్చిన కాకుల్ని తోలడానికి వెళ్ళిపోయాడు. నేను ఇంకాసేపు కూర్చున్నాను. రాలేదు.

ముప్పై ఏడో బండి ఇప్పటికీ అదే రోడ్డులో తిరుగుతోంది. రెండో కల్వర్టు దాటాక అలెర్టు వస్తూనే ఉంది. కొత్త డ్రైవర్లు కూడా మోచెయ్యి ఎత్తుతున్నారు, అడిగితే ఎటూ చూడలేదంటున్నారు. ఎడమ సీటు తీయించమని మూడుసార్లు రాశాను. కారణం ఏమిటని అడిగారు. కారణం రాయలేకపోయాను. ఎవరూ అందులో కూర్చోకుండా మాత్రం చూస్తున్నాను.

నన్ను కొట్టిందెవరో చెప్పగలిగిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. ఆయన్ని మళ్ళీ అడిగే ముఖం నాకు లేదు.